జయరాజు చేతికే లేచే ఇంజన్

“ఆయన సచ్చిపోలేదు సారూ. గదొక్కటి మీరు రుజువు జెయ్యాలె. ఆదివారం లోపట.”

ఈ మాట చెప్పి హన్నా టీ పెట్టడానికి లేచింది. నేను చేతిలోని నోట్‌బుక్కు మూసేశాను. ముప్పై ఏళ్లుగా ప్రైవేట్ డిటెక్టివ్ పనిలో ఉన్నాను. మా ఆయన ఏమయ్యాడో చూడండి అన్నవాళ్లు చాలామంది వచ్చారు. జవాబు ముందే చెప్పేసి, దానికి గడువు కూడా పెట్టిన మనిషి ఈవిడే. మామూలుగా అయితే “అమ్మా, నేను సర్టిఫికెట్లు రాసిచ్చేవాణ్ణి కాదు” అని చెప్పుల్లో కాళ్లు పెట్టేవాణ్ణే. నా నోరు మంచిది కాదని సుచిత్ర జంక్షన్‌లో ఎవరినడిగినా చెబుతారు.

తూంకుంటలో రెండు గదుల ఇల్లు. శుక్రవారం, పొద్దున ఎనిమిది. గోడవారగా జయరాజు తల్లి ఎలీషమ్మ బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కోడలి మాట విని తల అడ్డంగా ఊపింది.

“గట్ల పట్టువట్టొద్దు బిడ్డా,” అంది. “నా కొడుకు దేవుని దగ్గరికి వోయిండు. సంఘ పెద్దలు ఆదివారం ఆరాధన కాంగనే ఆదరణ కూడిక పెట్టిన్రు. నలుగురు పాట పాడి ప్రార్థన జేస్తే వానికి నెమ్మది, మనకు నెమ్మది.”

“నాకొద్దత్తా నెమ్మది.” హన్నా స్టవ్ దగ్గరినుంచే గట్టిగా అంది. తర్వాత నా వైపు తిరిగింది. “సారూ, గా కూడికల నన్ను ముంగట కుర్చీల కూసోబెడ్తరు. ఒక్కొక్కలొచ్చి చెయ్యి పట్టుకొని దేవుడు నిన్ను ఆదరించునుగాక అంటరు. నేను ఆమెన్ అనాలె. ఆమెన్ అన్ననంటే ఆయన్ను నా చేతుల్తోని నేను పూడ్చినట్టే గద?”

నేను నోట్‌బుక్కు మళ్లీ తెరిచాను. విషయం అందులో ఇలా ఉంది. జయరాజుకి నలభై ఒకటి. శామీర్‌పేట చెరువు ఒడ్డున ఒక రిసార్టులో బోటు నడుపుతాడు. పదమూడు రోజుల కిందట, శనివారం తెల్లవారుజామున ఐదూ పదికి ఇంట్లోంచి బయలుదేరాడు. ఏడింటికి బోటు చెరువు నడిమధ్యలో ఖాళీగా తేలుతూ కనిపించింది. సోమవారం తూము దగ్గర చెరువు కావలి మొగులయ్య శవం దొరికింది. జయరాజు శవం దొరకలేదు. ఇంజన్ చెరువు మధ్యలో ఆగిపోయిందనీ, మళ్లీ లేపడానికి నిలబడి తాడు లాగుతుంటే బోటు ఒరిగి ఇద్దరూ నీళ్లలో పడ్డారనీ అందరూ ఒప్పేసుకున్నారు. ఆ ఇంజన్ ఓ పట్టాన లేవదని చెరువు చుట్టుపక్కల అందరికీ తెలుసట.

“పదమూడు దినాలాయె,” హన్నా గిన్నెలోకి చూస్తూ అంది. “రోజూ గిన్నెడు బియ్యం ఎక్కువనే పోస్తున్న. పోసినంక యాదికొస్తది. చెయ్యి ఆగుతలేదు సారూ.”

ఆ మాటకి నాకు మా అమ్మ గుర్తొచ్చింది. దాచుకోవడం దేనికి, చెబుతాను. మాది కాకినాడ, జగన్నాథపురం. నాన్నకి పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డుండేది. మా అన్నయ్య ఒక పడవ మీద వేటకెళ్లి తిరిగిరాలేదు. మా అమ్మ కామేశ్వరమ్మ పదకొండేళ్లు ఎదురుచూసింది. దర్భలతో బొమ్మ చేసి దహనం చేయిస్తే తప్ప వాడికి గతి లేదని బంధువులు పోరుపెట్టారు. ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి ఒప్పించింది నేను. బొమ్మ కాలుతున్నంతసేపూ అమ్మ నా మొహంలోకే చూసింది. ఇప్పటికీ అన్నయ్య వస్తే బాగుండునని నాకు ఉంటుంది. వస్తే అమ్మ లేదని ఎలా చెప్పాలా అని భయం కూడా ఉంటుంది.

అందుకే చెప్పుల్లో కాళ్లు పెట్టలేదు.

హన్నా టీ వడగట్టింది. స్టవ్ మీద మంట ఇంకా వెలుగుతూనే ఉంది. ఆవిడ దాని జోలికి పోకుండా వంగి, కింద సిలిండర్ దగ్గర కట్టేసింది. పైన మంట చిన్నదై, చిన్నదై, బుస్సుమని ఒకసారి లేచి ఆరిపోయింది. ఆ తర్వాత స్టవ్ కట్టేసింది.

“అదేంటమ్మా, తిరగేసి కట్టేస్తావు?”

“ఆయన అలవాటు సారూ. ఎనకట ఇంకో కాడ బోటు నడిపేటప్పుడు, ఇంజన్ల నిల్వున్న పెట్రోలు అంటుకొని ఎడమ చెయ్యి మోచేతి దాంక కాలింది. అప్పట్నించి పైపుల చుక్క గూడ మిగలొద్దంటడు. కప్పు టీ పెట్టినా గంతే. పెండ్లైన కొత్తల మస్తు నవ్వేదాన్ని. ఇగ నాకు గూడ గదే వచ్చింది.”

నేను తలూపి టీ తాగాను. టీ బాగుంది. అప్పటికి నా బుర్రలో మెరిసింది అంతే.

“ఆయన ఐదింటికే ఎందుకు వెళ్లేవాడు? రిసార్టులో జనం తొమ్మిదికి గదా వచ్చేది?”

“ప్రార్థనకు. అవతలి ఒడ్డున బండ ఉంటది. బోటు దీస్కొని ఆడికి వోయి, అరగంట మోకరించి వస్తడు. ఆడ తను, దేవుడు తప్ప ఎవలుండరంటడు.” ఆవిడ చెంగు భుజం మీద సర్దుకుంది. “నేను గూడ వస్త సారూ. ఇంట్ల ఉంటే అత్తమ్మ పాటలు జూస్తది, ఏ పాట పాడాలె అని.”

*

పదిన్నరకి చెరువు దగ్గర కుర్మయ్యను పట్టుకున్నాను. చేపలు పట్టే మనిషి, అరవై దాటిన వయసు. ఒడ్డున కూర్చుని వల చిరుగులు కుట్టుకుంటున్నాడు. ఆ శనివారం పొద్దున చెరువు మీద చెవి వేసి ఉన్నది ఇతనొక్కడే.

“ఇంజన్ ఎప్పుడు లేచింది?”

“ఐదూ నలభై.”

“గడియారం లేదుగా నీకు?”

“తుర్కపల్లి దిక్కు కంపెనీ బస్సు పోతది సారూ. గది దాటుతాంది, గిది లేసింది.”

“ఆగింది ఎప్పుడు?”

“ఒక బీడీ అయిపోయి రెండోది అంటువెట్టుకున్న. పది నిమిషాలనుకో.”

“ఎక్కడ? చెరువు మధ్యలోనా?”

“మధ్యల ఎందుకు? బండ దిక్కు. అవతలి ఒడ్డు.”

నేను రాస్తున్న పెన్ను ఆపాను. “పోలీసులకి ఈ మాట చెప్పావా?”

“ఇంజన్ ఆగిందా అని అడిగిన్రు. ఆగింది అన్న. రాసుకొని పోయిన్రు.” సూదిని పళ్ల మధ్య పెట్టుకుని నవ్వాడు. “యాడ ఆగిందని ఎవలడిగిన్రు?”

నాకు ఒళ్లు మండింది, ఇతని మీద కాదు, పోలీసుల మీద. “ఎలా ఆగింది కుర్మయ్యా? టక్కున ఆగిందా?”

“లే. సిన్నగ నడుస్తాంది, నడుస్తాంది... రెండు మూడు నిమిషాలు గట్లనే ఒక్కతాన నడిసింది. ఉన్నట్టుండి కుయ్యిమని గట్టిగ అరిసింది. ఇగ ఆగింది. రోజూ గట్లనే ఆగుతది గద.”

“తర్వాత తాడు లాగిన చప్పుడు?”

“లేదు. తాడు లాగితే నీళ్ల మీదికెళ్లి ఈడ దాంక ఇనబడ్తది. ఒక్కపారి గూడ ఇనలే.”

“మొగులయ్య సంగతి? ఆ బోటులో ఎక్కాడంటున్నారు.”

కుర్మయ్య అటూ ఇటూ చూశాడు. “నాకెర్కలే. మొగులన్న గుడిసె గా బండ పక్కనే. రిసార్టోళ్లు చెరువుల మట్టి పోస్తున్నరని ఫొటోలు దీసిండు, లొల్లి వెట్టుకున్నడు. గంతకంటె నన్నడగకు సారూ. నేను ఈడ్నే బతకాలె.”

వెనకే నిలబడ్డ హన్నా అవతలి ఒడ్డుకేసి చూస్తోంది. నీళ్లకి అటువైపు నల్లగా బండ, దాని పక్కన రేకుల కప్పు. రోడ్డు మీద చుట్టూ తిరిగి పోవాలంటే అరగంట. బోటు మీద ఐదు నిమిషాలు.

“గాడికి నన్నెప్పుడు తీస్కపోలేదు సారూ,” అంది. “ఒకపారి తీస్కపో అంటే, నీకోసమే అడుగుత ఆడ, నువ్వొస్తె ఎట్ల అన్నడు.”

*

రిసార్టు రేవు దగ్గర సుజిత్ ఉన్నాడు. ఉంటాడని నాకు తెలుసు. ఆరేళ్లు నా దగ్గర పని నేర్చుకుని, నా ఆఫీసుకి ఎదురుగానే సుచిత్రలో ఏసీ ఆఫీసు పెట్టిన ఘనుడు. రిసార్టు వాళ్లు ఇది ప్రమాదమని రిపోర్టు రాయడానికి వాణ్ణి పెట్టుకున్నారు. పక్కనే మేనేజర్ భానుతేజ, నల్ల కళ్లద్దాలు తల మీదికి తోసుకుని నిలబడ్డాడు.

“రండి గురువుగారూ,” సుజిత్ చేతులు జోడించాడు. “మోకాళ్లెలా ఉన్నాయి?”

“నీ డ్రోన్ కంటే నయం. పోయిన నెల మేడ్చల్‌లో చింతచెట్టుకి తగులుకుందటగా?”

వాడి నవ్వు సగంలో ఆగింది. భానుతేజ టార్పాలిన్ లాగేశాడు. పదడుగుల ఫైబర్ బోటు. వెనక బిగించిన పాత ఇంజన్. “పోలీసులు వదిలేశారంకుల్,” అన్నాడు. అంకుల్ అంటే నాకు గిట్టదు. “రేపు తుక్కు కింద అమ్మేస్తున్నాం. దరిద్రపు ఇంజన్. జయరాజు తప్ప ఎవడు లాగినా లేవదు. నేను నా జన్మలో స్టార్ట్ చెయ్యలేకపోయాను.”

“చూడండి,” సుజిత్ బోటులోకి దిగి తాడు పట్టుకున్నాడు. లాగాడు. ఏమీ లేదు. మళ్లీ లాగాడు. ఆరోసారికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. “కానిస్టేబుళ్లు నలుగురు లాగారు. ఇదీ ఇంతే. నడిచెరువులో ఇది మొరాయించింది. నిలబడి లాగాడు, పడ్డాడు. చేతికందిన మొగులయ్యని పట్టుకుని వాణ్ణీ ముంచాడు. కేసు అయిపోయింది.”

“లేవని ఇంజన్‌ని తిట్టేముందు రెండు అడగాలిరా. పెట్రోల్ అందుతోందా? నిప్పు పుడుతోందా?”

మోకాళ్లు కలుక్కుమంటుంటే బోటులోకి దిగాను. పెట్టెలో ఉన్న పానా తీసి ప్లగ్గు విప్పాను. ప్లగ్గుని ఇంజన్ ఒంటికి ఆనించి పట్టుకుని సుజిత్‌ని లాగమన్నాను. నీలంగా చిటుక్కుమంది. నిప్పు ఉంది. ప్లగ్గు మొన మీద వేలు పెట్టాను. పొడిగా ఉంది. ఆరుసార్లు వీడు లాగాడు, పోలీసులు ఎన్నిసార్లు లాగారో దేవుడికెరుక. పెట్రోల్ వస్తుంటే ప్లగ్గు తడిసి ముద్దవ్వాలి.

“ట్యాంకులో సగం పెట్రోల్ ఉంది,” అన్నాడు సుజిత్. “నేను ఆ రోజే చూశాను.”

“ట్యాంకు చూశావు. పైపు చూశావా?”

పైపు సీటు కింద కొక్కేనికి రెండు చుట్లు చుట్టి, నీటుగా తగిలించి ఉంది. రెండో కొస ఇంజన్‌కి తగిలించి లేదు. ఇంజన్ మీద పైపు దిగాల్సిన మూతికి పసుపు గుడ్డపీలిక ఒకటి కట్టి ఉంది. నాకు నవ్వాగలేదు. బైకుల మీద తిరిగేవాళ్లు వీళ్లంతా. చేత్తో ఊడదీసి దాచే పైపు ఒకటుంటుందని ఒక్కడికీ తట్టలేదు. పదమూడు రోజులుగా పెట్రోల్ లేని ఇంజన్ తాడు లాగుతున్నారు.

హన్నా రేవు మీద మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాపింది. పీలికని వేళ్లతో తడిమింది.

“గిది నా చీరంచు,” అంది. “దుమ్ము వోకుంట గుడ్డ గావాలె అంటే నేనే చింపిచ్చిన. ముడి ఆయనదే సారూ. బోటు దిగేటప్పుడు కడ్తడు. దిగేటప్పుడే కడ్తడు.”

“తర్వాత ఎవరో కట్టి ఉండొచ్చుగా,” సుజిత్ తొందరపడ్డాడు.

“నువ్వు ఆ రోజు ఎన్నింటికొచ్చావు?”

“తొమ్మిదికి.”

“బోటుకి ఫొటోలు తీశావా?”

“నలభై.” అంటూనే వాడికి అర్థమైంది. ఫోన్ తీసి, ఒక ఫొటోని వేళ్లతో పెద్దది చేశాడు. కొక్కెం మీద పైపు, మూతికి పసుపు పీలిక. అందులో కూడా అలాగే ఉన్నాయి. వాడి చెవులు ఎర్రబడ్డాయి. వాడి పాత గురువుగా ఒక్క క్షణం జాలేసింది, ఒక్క క్షణమే.

“సరే. నడిచెరువులో ఇంజన్ ఆగింది. ఏమైందో చూద్దామని పైపు పీకాడు. అప్పుడు పడ్డాడు. దీనికేమంటారు?”

“దీనికీ చెప్తా. ఆ టీ గ్లాసు ఇలా ఇవ్వు.”

కార్బురేటర్ అడుగున చిన్న మర ఉంటుంది. అది విప్పితే లోపల నిల్వున్న పెట్రోల్ కారుతుంది. గ్లాసు కింద పెట్టి విప్పాను. ఒక్క చుక్క రాలేదు.

“పదమూడు రోజుల ఎండ! ఆవిరైపోయింది.”

“ఈ ఇంజన్‌కి పెట్రోల్లో ఆయిల్ కలిపి పోస్తార్రా. పెట్రోల్ ఆవిరైతే ఆయిల్ ఎక్కడికి పోతుంది? అడుగున జిడ్డుగా పేరుకోవాలి.” గ్లాసు తిరగేసి చూపించాను. “గిన్నె నాకినట్టు ఉంది. అంటే పైపు పీకేసి, లోపలున్నదంతా కాలిపోయేదాకా ఇంజన్‌ని నడవనిచ్చాడు. అలా ఆరే ఇంజన్ చివర్లో ఒకసారి గట్టిగా అరిచి ఆగుతుంది. ఆ అరుపు కుర్మయ్య విన్నాడు. పొద్దున హన్నమ్మ వంటింట్లో నేనూ చూశాను, సిలిండర్ కట్టేసి మంటని ఆరనిచ్చింది. మొగుడు నేర్పిన అలవాటు.”

నేను ఆగే రకాన్ని కాదు. వినేవాళ్లు దొరికితే అసలు ఆగను.

“మొరాయించిన ఇంజన్‌ని ఎవడూ అలా ఆర్పలేడు. అలా ఆర్పాలంటే అది రెండు మూడు నిమిషాలు చక్కగా నడవాలి. ఇంజన్ చెడలేదు. జయరాజు దాన్ని ఒడ్డున, బండ దగ్గర, తీరిగ్గా ఆపాడు. పైపు చుట్టాడు. గుడ్డ కట్టాడు. దిగాడు. నీళ్లలో పడలేదు. ఆ తర్వాత ఖాళీ బోటుని ఎవరో చెరువులోకి తోశారు.”

హన్నా ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

సుజిత్ మెల్లగా చప్పట్లు కొట్టాడు. “అద్భుతం గురువుగారూ. ఇప్పుడు నేను చెప్తా వినండి. మొగులయ్య గుడిసె అదే ఒడ్డున ఉంది. మొగులయ్య చచ్చాడు. మీ జయరాజు అదే టైముకి అక్కడ దిగాడు. తర్వాత బోటు తోసేసి, చచ్చినట్టు నటించి మాయమయ్యాడు. ఇందాకటిదాకా వాడు ప్రమాదంలో పోయిన అమాయకుడు. మీ పుణ్యమా అని ఇప్పుడు హంతకుడు. మీ క్లయింట్‌కి మంచి సాయం చేశారు.”

వెధవ, నా దగ్గర నేర్చుకున్నదే నా మీద వాడాడు. జవాబు వెతుక్కుంటున్నాను. హన్నా నాకంటే ముందు లేచింది.

“జైల్ల ఏసుకోండ్రి,” అంది సుజిత్‌తో. “ఏసుకోండ్రి సారూ. నేను ములాఖాత్‌కు వోత. డబ్బా గట్టుకొని వోత. ఇనుప జాలి ఎనకాల నిలబడ్డా సరే, రెండు నిమిషాలు సూస్త. ఉన్నడు గద! నాకు గంతే గావాలె.”

సుజిత్ తల దించుకున్నాడు. భానుతేజ కళ్లద్దాలు కళ్ల మీదికి దించుకున్నాడు.

ఇక్కడితో నేను ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ సుజిత్ అన్న మాట నాలో మండుతోంది. ఆ ఇంజన్ శుభ్రంగా ఉందని వాడి చెవులకే వినిపించాలనిపించింది. ప్లగ్గు బిగించాను, మర బిగించాను. పీలిక విప్పి హన్నా చేతిలో పెట్టి, పైపు తగిలించాను.

“ఎలా స్టార్ట్ చేస్తారంకుల్?” భానుతేజ నా భుజం మీదుగా వంగాడు.

అడిగినవాడికి చెప్పడం నా జబ్బు. “ఎండిపోయిన ఇంజన్ ఊరికే తాడు లాగితే లేవదు. పైపు మధ్యలో ఈ రబ్బరు ఉండ ఉందే, దీన్ని నొక్కి ముందు పెట్రోల్ పంపాలి. రాయిలా గట్టిపడేదాకా. లెక్కపెట్టు, ఎనిమిది సార్లు. ఇప్పుడు చోక్ బయటికి. రెండుసార్లు మెల్లగా లాగు. మూడోది గట్టిగా.”

మూడోదానికి ఇంజన్ లేచింది. నీలి పొగ రేవంతా కమ్మింది. నీళ్ల మీద ఆ చప్పుడు అవతలి బండకి తగిలి తిరిగొచ్చింది. చోక్ లోపలికి నొక్కి, ఒక నిమిషం నడిపాను. హన్నా కళ్లు మూసుకుని వింటోంది. ఇంజన్ ఆపాక కూడా తెరవలేదు.

“ఆయన వచ్చేటప్పుడు గిట్లనే ఇనొస్తది,” అంది.

ఆవిణ్ణి నీడలోకి, రేవుకి ముప్పై అడుగుల దూరంలో ఉన్న టికెట్ గది వరండాలోకి తీసుకొచ్చాను. సుజిత్ మంచినీళ్లు తెచ్చిచ్చాడు. వాడిలో ఇంకా మనిషి మిగిలే ఉన్నాడు. పన్నెండు కావడానికి పది నిమిషాలు ఉందనగా హన్నా ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆవిడ ఎత్తి హలో అంది. మరుక్షణం మెట్టు మీద కూలబడింది. ఫోన్ జారబోతే నేను పట్టుకుని స్పీకర్ నొక్కాను.

“...హన్నా, జల్దీ చెప్పు. నా ఇంజన్ ఎవలు లేపిన్రు?”

మగ గొంతు. గుసగుసగా, ఎండిపోయి ఉంది.

“రాజూ,” అంది హన్నా. “రాజూ, తిన్నవా?”

సుజిత్ వంగి స్క్రీన్ మీద నంబరు చూశాడు. “గురువుగారూ, ఈ నంబరు మొగులయ్యది! పదమూడు రోజులుగా స్విచ్చాఫ్. ఫోన్ గుడిసెలో ఉందేమో అని నా రిపోర్టులో...” గొంతు తగ్గించుకోవడం వాడికెప్పుడూ రాదు.

“ఎవలది గా గొంతు?” ఫోన్‌లో ఊపిరి వేగమైంది. “హన్నా, భాను సారు ఆడ లేడు గద? మొగులన్నను నీళ్లల్ల తొక్కిపెట్టి సంపింది ఆయనే. ఫొటోల కోసం. నేను ప్రార్థన జేసుకొని కండ్లు తెరిసే వరకు ముంగటనే... నన్ను సూడలే. నేనున్ననని తెలిస్తె నిన్ను గూడ సంపుతడని, బోటు నేనే తోసిన. నేను సచ్చిన్నని ఆయన అనుకున్నన్ని దినాలే మనం బతుకుతం. నా ఇంజన్ సప్పుడు ఇనంగనే పానం ఆగలే. ఎవలకు దొరికింది గా కిటుకు?”

నేను వెనక్కి తిరిగాను. ఒక్క నిమిషం కిందట భానుతేజ వరండా స్తంభాన్ని ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇప్పుడు అక్కడ లేడు.

రేవు వైపునుంచి తాడు లాగిన చప్పుడు వచ్చింది. మెల్లగా ఒకసారి. మెల్లగా రెండోసారి.

మూడోసారి గట్టిగా లాగాడు. ఇంజన్ లేచింది.

సుజిత్ అప్పటికే పోలీసులకి ఫోన్ చేస్తూ రేవు మీదికి పరుగెత్తుతున్నాడు. నేనూ పరుగెత్తాను, నా మోకాళ్లతో ఎంత పరుగో అంత. బోటు అప్పటికే ముప్పై గజాలు దాటింది. భానుతేజ వెనక్కి చూడలేదు. ఎండిన ఇంజన్‌ని ఎలా లేపాలో వాడికి వేళ్ల లెక్కతో నేర్పింది నేను. జయరాజు బతికున్నాడని నిరూపించిందీ నేను. అన్నయ్య విషయంలో చేసింది చాలదన్నట్టు ఇది కూడా నా చేతులమీదుగానే జరుగుతోంది.

నా చేతిలో ఫోన్ ఇంకా మాట్లాడుతోంది. “మల్ల లేసింది... హన్నా, ఇటు దిక్కే వస్తాంది. నువ్వే వస్తున్నవా?”

ఆ గొంతులో ఆశ వినిపించింది. “జయరాజూ, పారిపో!” అని అరిచేసరికి లైన్ కట్టయిపోయింది.

అవతలి ఒడ్డున మొగులయ్య గుడిసె రేకుల కప్పు కిందినుంచి ఒక మనిషి బయటికొచ్చాడు. ఇంత దూరానికి చొక్కా ఒక్కటే కనిపిస్తోంది. బోటు వైపు చూస్తూ, నీళ్ల దగ్గరికి నడుస్తున్నాడు.

హన్నా నన్ను తోసుకుంటూ రేవు దిగి చెరువులోకి పోయింది. మోకాలి లోతు, నడుము లోతు. పసుపు పీలిక పట్టుకున్న చెయ్యి పైకెత్తి ఊపుతోంది. పదమూడు రోజులుగా రమ్మని ఏడ్చిన మనిషి, ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుని అరుస్తోంది.

“రాకు రాజూ! ఉరుకు! నా దిక్కు రాకు!”